పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు: నా అనుభవం

మన వరంగల్ వైపు పెళ్లయిన ఆడవాళ్లకు తరచూ రెండు పేర్లుంటాయి. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. మెమోలో దాసరి సుజాత, ఆధార్‌లో గాదె సుజాత అనుకోండి. ఇంట్లో ఒక్కరే, పాస్‌పోర్టు కౌంటర్లో ఇద్దరు. నావీ ఇట్లాంటి కాగితాలే, కౌంటర్ దాకా పోయి వాపసొచ్చాను.

భర్త ఇంటిపేరే పెట్టుకోవాలని మన దేశంలో చట్టమేమీ లేదు, ఉన్నది ఆనవాయితీ. జపాన్‌లో ఆలుమగలకు ఒకే ఇంటిపేరు ఉండాలన్నది చట్టం, మార్చుకునేది చాలావరకు ఆడవాళ్లే. కొరియాలో భార్య పుట్టింటి పేరుతోనే ఉంటుంది. ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరుకు కొడుకైతే ‘సన్’, కూతురైతే ‘డోట్టిర్’ చేరుస్తారు.

నేను మెమో పేరే ఉంచుకుని ఆధార్‌ను దానికి సరిచేయించాను. చదువు సర్టిఫికెట్లన్నీ మెమో వెంటే నడుస్తాయి మరి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే, కాబట్టి మెమో పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే సరిచూడాలి. సుజాతలో ‘టీ’ పక్కన ‘హెచ్’ ఉందా లేదా అన్న దగ్గరే తేడా కొడుతుంది. భర్త పేరుకు వేరే గడి ఉంది, అది పాస్‌పోర్టు చివరి పేజీలో అచ్చవుతుంది. దానికోసం ఇంటిపేరు మార్చనక్కర్లేదు.

గివెన్ నేమ్‌లో సుజాత, సర్‌నేమ్‌లో దాసరి. ‘డి. సుజాత’ అని పొడి అక్షరం పెడితే కుదరదు, విప్పి రాయాలి. నెట్ సెంటర్లో చాలాసార్లు పేరంతా గివెన్ నేమ్‌లోనే కొట్టేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తారు. ఫారం కిక్కురుమనకుండా తీసుకుంటుంది, తిప్పలు తర్వాత. అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ అయిపోయి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ పడుతుంది, అంటే పేరు తెలియదని. ఒక్క పదమే పేరుగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. జగిత్యాల, కరీంనగర్ నుంచి దుబాయ్ పోయేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి.

36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. అపాయింట్‌మెంట్‌కు అసలు కాగితాలు పట్టుకుపోవాలి. కౌంటర్లో స్క్రీన్ చూపించినప్పుడు సిగ్గుపడకుండా నిదానంగా చదవండి.

బుక్కు చేతికొచ్చాక ఫొటో పేజీ అడుగున ఉన్న కోడ్ చూడండి. ‘ఐఎన్‌డీ’ తర్వాత ముందు దాసరి, రెండు బాణం గుర్తులు, అప్పుడు సుజాత. మన వరుసే! రెండు పేర్ల మధ్య ఒక్క బాణమే ఉంటే రెండూ ఒకే గడిలో పడ్డట్టు.