అమ్మ చేతులు, చెరువు నీళ్ళు

ఏడు ప్రింట్లు బల్ల మీద వరసగా ఆరుతున్నాయి. ఏడింటికీ వాడినవి అవే రెండు నెగెటివ్‌లు. ఒడిలో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్న అమ్మ చేతులు ఒకటి, గాలి ఆడని పూట తీసిన చెరువు ఇంకొకటి. అయినా ఏ ప్రింటుకా ప్రింటే. ఒకదాంట్లో నీళ్ళు మణికట్టు దాకా వచ్చి ఆగాయి. ఇంకోదాంట్లో వేళ్ళ కణుపులు మాత్రమే పైకి తేలాయి.

నిజానికి మొదట చేసింది చేతులతో కాదు, అమ్మ ముఖంతో. ఆవిడ పోయిన ఏడాదికి, పాత నెగెటివ్ ఒకటి తీసి, నీళ్ళలోంచి ముఖం పైకి వస్తున్నట్టు ప్రింటు వేశాను. బాగానే వచ్చింది. కానీ రెండు రోజులు దాన్ని చూస్తూ ఉంటే మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మూడో రోజుకు విలియం మమ్లర్ గుర్తొచ్చాడు.

1860లలో అమెరికాలో ఫోటోలు తీసిన మనిషి. అతని దగ్గర ఫోటో దిగితే, వెనకాల చనిపోయిన మీ వాళ్ళు తెల్లటి నీడలా కనిపించేవాళ్ళు. 1869లో న్యూయార్క్‌లో మోసం కేసు పెట్టారు. అలాంటి నీడల్ని ఎన్ని రకాలుగా తెప్పించవచ్చో సాటి ఫోటోగ్రాఫర్లే సాక్ష్యం చెప్పారు. అయినా కేసు నిలవలేదు. ఆ తర్వాత, అప్పటికే చనిపోయిన అమెరికా అధ్యక్షుడు లింకన్ భార్య మేరీ కూడా అతని ముందు కూర్చుంది. ఆ ఫోటోలో ఆమె భుజాల మీద లింకన్ చేతులుంటాయి. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. ఆమె దుఃఖం నిజం, ఆ చేతులు అబద్ధం.

నేను వేసిన ముఖం ప్రింటూ ఆ జాతిదే. అమ్మ తిరిగి వచ్చిందని చెబుతోంది. నేను అలాంటిదేమీ చూడలేదు. చూడనిదాన్ని చూశానని ఆవిడ పేరు మీద చెప్పలేను. ఆ ప్రింటు పెట్టె అడుగుకు వెళ్ళిపోయింది.

డార్క్‌రూమ్‌లో, అంటే ఫోటోలు ప్రింటు వేసే చీకటి గదిలో, చిత్రాలు కలిపేవాళ్ళు ఆధ్యాత్మికత అనగానే తల వెనక వెలుగు వలయమో, మబ్బుల్లోకి పోయే మెట్లో పెట్టేస్తుంటారు. అవి నాకు నచ్చవు. చూసేవాడికి వెతుక్కోవడానికి అందులో ఏమీ మిగలదు. 1857లో రెయిలాండర్ అనే ఫోటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లు కలిపి మంచి దారి, చెడ్డ దారి చూపించాడు. ఆ శ్రమకు దండం పెడతాను. కానీ మంచి ఒక పక్క, చెడు ఒక పక్క, మధ్యలో గోడ కట్టినట్టు ఉంటుంది. మరుసటి ఏడాది రాబిన్సన్ అనే ఇంకో ఫోటోగ్రాఫర్ అయిదు నెగెటివ్‌లతో చావుకు దగ్గరపడిన అమ్మాయిని చూపించాడు. అందులో మనవైపు వీపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తున్న మనిషి ఒకడున్నాడు. నా మనసు ఆ వీపు దగ్గరే ఆగిపోతుంది.

నాకు దారి చూపించింది మాత్రం అమెరికన్ ఫోటోగ్రాఫర్ జెర్రీ యూల్స్‌మన్ (1934–2022). ఎన్‌లార్జర్లు, అంటే నెగెటివ్‌లోని బొమ్మను పెద్దదిగా చేసి కాగితం మీద వెలుగుతో వేసే యంత్రాలు, వరసగా పెట్టుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో నెగెటివ్ వేసి, ఒకే కాగితాన్ని ఒకదాని కింద నుంచి ఇంకోదాని కిందికి మోసుకెళ్ళేవాడు. కెమెరా నొక్కగానే బొమ్మ పూర్తయిపోనక్కర్లేదు, డార్క్‌రూమ్‌లో కూడా దాన్ని కనుక్కోవచ్చు అన్నది ఆయన నమ్మకం. కప్పు ఉండాల్సిన చోట మబ్బులున్న గది, వేళ్ళతో సహా గాలిలో తేలే చెట్టు. చాలావాటికి పేరు కూడా పెట్టలేదు.

నా దగ్గర ఉన్నవి రెండే ఎన్‌లార్జర్లు. ముందు మామూలు తెల్లకాగితం మీద రెండు బొమ్మల గీతలూ పెన్సిల్‌తో గీసుకుంటాను. తర్వాత వెలుగు తగిలితే బొమ్మ పట్టే అసలు పేపర్ పెట్టి, చేతులకు 11 సెకన్లు వెలుగిస్తాను. అంతసేపూ లెన్స్ కింద అట్టముక్క ఆడిస్తూనే ఉండాలి. కాగితానికి దగ్గరగా పట్టుకుంటే అంచు గీత గీసినట్టు పడుతుంది. లెన్స్ వైపు ఎత్తితే మెత్తబడుతుంది. తర్వాత పేపర్‌ని రెండో ఎన్‌లార్జర్ కిందికి మార్చి, చేతులున్న వైపు అట్ట అడ్డం పెట్టి, చెరువుకు 18 సెకన్లు. కలిసే చోట రెండు వెలుగులూ సగం సగం పడతాయి.

ఈ రెండింటి మధ్య, ఎర్రదీపం కింద పేపర్ చేతిలో పట్టుకుని నాలుగడుగులు వేస్తాను. అప్పుడది ఒట్టి తెల్లకాగితం. కానీ వెలుగు తగిలిన చోటల్లా వెండి లవణాల్లో మార్పు జరిగిపోయింది. అమ్మ చేతులు అందులో ఉన్నాయి, కంటికి మాత్రం కనబడవు. అవ్యక్తం అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. దాన్ని నా చేతులతో మోసింది ఆ నాలుగడుగుల్లోనే. నేను ప్రార్థన అనగలిగేది నా జీవితంలో ఏదైనా ఉంటే అది ఇదే.

దాగిన బొమ్మను పైకి తెచ్చే రసాయనం, డెవలపర్, ఉన్న ట్రేలో ఇరవై సెకన్లకు నల్లటి భాగాలు ముందు లేస్తాయి. చీర మడత, చెరువు గట్టు నీడ. వేళ్ళు చివర వస్తాయి. కలిసే చోట ఉన్న బూడిదరంగు చర్మమో నీళ్ళో నేను చెప్పలేను. చెప్పలేనంత మెత్తగా వచ్చేదాకా వేస్తూ పోయాను. అట్ట పట్టిన చెయ్యి రెండుసార్లు ఒకేలా కదలదు కాబట్టి ఏడూ ఏడు రకాలుగా వచ్చాయి.

నిన్న చెల్లెలు వచ్చి చాలాసేపు ఒంగి చూసింది. కణుపుల దాకా మునిగిన ప్రింటులో ఒక తెల్లటి చుక్క మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టింది.

"అన్నయ్యా, ఇది అమ్మ ఉంగరమా, నీటి మెరుపా?"

భూతద్దం తెచ్చి రెండు నెగెటివ్‌లూ చూశాను. ఉంగరం మెరుపు ఒకదాంట్లో ఉంది. సరిగ్గా ఆ చోటే పడేలా నీటి మెరుపు రెండోదాంట్లో ఉంది. వెలుగు తగిలితే పేపర్ నల్లబడుతుంది. కలిసే చోట తెలుపు మిగలాలంటే రెండు నెగెటివ్‌లూ అక్కడ నల్లగా ఉండి వెలుగును ఆపాలి. ఉంగరం ఒక్కటే ఉంటే చెరువు వెలుగు పడి అది బూడిదరంగు అయ్యేది. మిగతా ఆరింటిలో పేపర్ ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగింది, వాటిలో ఆ చుక్క లేదు.

"రెండూనే," అన్నాను.

ఆ ప్రింటు తనకు కావాలంది. పూర్తిగా ఆరాక ఇస్తానని చెప్పాను.