బెంగళూరులో క్యాన్సర్ వైద్యం మధ్యలో ఆగిపోకుండా: నా అనుభవం

అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి బెంగళూరు వచ్చే కుటుంబాలకు తోడుగా తిరిగే పని నాది. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ పక్కన 1973లో మొదలైన కిద్వాయ్ ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి మనవైపు వాళ్లకు పెద్ద దిక్కు. ప్రైవేటుకు పోయేవాళ్లూ ఉన్నారు. ఎక్కడికి పోయినా, వైద్యం సగంలో వదిలేయడానికి డబ్బు ఒక్కటే కారణం కాదని నాకు బాగా తెలిసొచ్చింది. ఎన్నాళ్లు ఉండాలో, ఎవరు తోడుండాలో, మధ్యలో ఏమవుతుందో ముందే తెలియకపోవడం వల్లే చాలామంది వెనక్కి వెళ్లిపోతున్నారు.

మొదట కాగితాల సంగతి. ఊళ్లో బయాప్సీ (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించి రిపోర్టు ఒక్కటే పట్టుకొస్తారు. ఇక్కడి డాక్టర్లు ఆ ముక్కను తమ ల్యాబులో మళ్లీ చూపించుకున్నాకే వైద్యం మొదలుపెడతారు. కాబట్టి గాజు స్లైడ్లతో పాటు పారఫిన్ బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. చిన్న ప్లాస్టిక్ గడికి అంటిన మైనం బిళ్ల అది, ముక్క దాని లోపల ఉంటుంది. గడి మీది నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటేనా అని ల్యాబ్ కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. ఎండ తగిలే చోట పెడితే మైనం మెత్తబడుతుంది. స్కానింగ్ అయితే ఫిల్ములతో పాటు సీడీ కూడా తేవాలి. బ్లాక్ లేకపోతే చాలాసార్లు మళ్లీ బయాప్సీ, మళ్లీ రిపోర్టు కోసం ఎదురుచూపు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు ‘ఆ ఆసుపత్రి లిస్టులో ఉందా’ అని మాత్రమే అడుగుతారు. అది చాలదు. విభాగాలవారీగా గుర్తింపు ఇస్తారు కాబట్టి గుండె జబ్బుకు చెల్లిన చోట క్యాన్సర్‌కు చెల్లకపోవచ్చు. 104కు ఫోన్ చేసి ఆసుపత్రి పేరు, జబ్బు రెండూ చెప్పి అడగండి. ఆయుష్మాన్ కార్డుకైతే 14555. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటే అనుమతి దగ్గర పని ఆగుతుంది. బయల్దేరకముందే సరిచేయించుకోవాలి.

కార్డు వైద్యానికి చెల్లుతుంది గానీ గది అద్దె, తిండి, తోడున్న మనిషి పోగొట్టుకునే కూలి అందులో రావు. నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ మామూలుగా 30 నుంచి 35 సార్లు, వారానికి ఐదు రోజులు. అంటే ఆరేడు వారాల కాపురం. సరిగ్గా చెనక్కాయ పీకే కాలంలో పడిందంటే తోడున్నవాళ్లు పది రోజులకే ఊరి దారి పడతారు. అందుకే మొదలుపెట్టే తేదీ తెలిసిన రోజే ఇద్దరు మనుషులు వారం మార్చి వారం ఉండేలా ఇంట్లో మాట్లాడుకోమంటాను. ఆసుపత్రి ధర్మశాలలో చోటుకు పేరు కూడా ఆ రోజే రాయించాలి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో మూల ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వచ్చే ఒక్కరికి 75 శాతం రాయితీ. దానికి ఆసుపత్రి సంతకం, ముద్ర ఉన్న ఫారం కావాలి.

రేడియేషన్ మధ్యలో పోగొట్టిన రోజులను చివర్లో కలుపుకుంటే సరిపోతుందనుకోవద్దు. ఆ విరామంలో మిగిలిన క్యాన్సర్ కణాలు జోరుగా పెరుగుతాయి, వైద్యం ఫలితం తగ్గుతుంది. పుచ్చిన పళ్లు పీకించాల్సి ఉంటే రేడియేషన్‌కు రెండు వారాల ముందే కానివ్వాలి. తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ఎక్కువమంది వైద్యం వదిలేసి వెళ్లిపోయేది రేడియేషన్ మూడో వారంలో. నోరంతా పుండ్లు, మింగుడు పడదు, బరువు తగ్గుతుంది. ‘అమ్మకు క్యాన్సరని చెప్పొద్దు’ అని ఇంటిల్లిపాదీ అనుకుని ఉంటారు. పుండ్లు రాగానే ఆమె ‘నన్ను బాగుచేయడానికి తెచ్చారా, చంపడానికా’ అని లేచి కూర్చుంటుంది. జబ్బు తెలియని మనిషి ఈ నొప్పిని ఎందుకని ఓర్చుకోవాలి? పేరు చెప్పడానికి నోరు రాకపోతే కనీసం ‘మూడో వారంలో నోరు పూస్తుంది, వైద్యం అయిపోయాక కొన్ని వారాలకు తగ్గుతుంది’ అని మొదటే చెప్పండి. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. వారం వారం బరువు చూడాలి. డాక్టరు ముక్కు గొట్టం వేయాలంటే భయపడొద్దు, తిండి లోపలికి పోవడానికే అది. ఇంట్లో ఆఖరి మాట చెప్పే పెద్దాయనో అల్లుడో ఊళ్లోనే ఉండిపోతే, డాక్టరు అనుమతి అడిగి ఫోన్ స్పీకర్లో పెట్టి వినిపించండి. ఇక్కడ సరేనని వెళ్లి ఊళ్లో వద్దనిపించుకున్నవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కీమో సంగతి వేరు. మూడు వారాలకోసారి రమ్మంటే, బస్సెక్కే ముందు రోజు ఊళ్లోనే సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపొచ్చా అని అడిగి పెట్టుకోండి. తెల్లకణాలో ప్లేట్‌లెట్లో తగ్గితే ఎలాగూ వాయిదా వేస్తారు, ఆ ప్రయాణం తప్పుతుంది. కీమో అయ్యాక రెండో వారంలో కణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని తెల్లారేదాకా చూడొద్దు. రాత్రయినా సరే, దగ్గర్లో రక్తపరీక్ష చేసి యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించగల ఆసుపత్రికి పోయి, కీమో ఫలానా తేదీన అయిందని లోపలికి అడుగుపెడుతూనే చెప్పి చీటీ చూపించాలి.