కరక్కాయ చుక్క పడగానే

ఊదారంగు ద్రావణంలో కరక్కాయ కషాయం చుక్క వేసి ట్యూబు ఇలా ఊపానో లేదో, రంగు కరిగిపోయి లేత పసుపు మిగిలింది. "మేడమ్, ఇంకోసారి!" అని పిల్లలంతా ఒకటే గోల.

ఆ ఊదారంగు డీపీపీహెచ్ అనే రసాయనానిది. దాని అణువులో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. ఇలాంటి అణువుల దూకుడు తగ్గించే యాంటీఆక్సిడెంట్ ఎదురుపడి దానికి హైడ్రోజన్ ఇచ్చేస్తే రంగు పోతుంది. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త రాసిన పద్ధతి ఇది. రంగు ఎంత తగ్గిందో చూడటానికి ఇప్పటికీ 517 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీస్తూనే ఉన్నాం.

కరక్కాయలో ఈ పని ఎక్కువగా చేసేవి టానిన్లు. దగ్గొచ్చినప్పుడు మా అమ్మమ్మ బుగ్గన పెట్టిన ముక్క నాలుకను పట్టేసేది చూడండి, ఆ వగరు వాటిదే.

ఒకమ్మాయి అడిగింది: "అయితే రోజూ తింటే జబ్బులు రావా మేడమ్?"

ఎంత మంచి ప్రశ్నో! ట్యూబులో టానిన్ నేరుగా డీపీపీహెచ్‌ను కలుస్తుంది. ఒంట్లో అలా కుదరదు. పెద్ద టానిన్లు ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పెద్దగా చేరవు. పేగుల్లోని బ్యాక్టీరియా వాటిలో కొన్నింటిని విడగొట్టి యూరోలిథిన్ల వంటి చిన్న అణువులుగా మారుస్తుంది. అదీ అందరి పేగుల్లో ఒకేలా జరగదు. కాబట్టి ఈ ట్యూబు పరీక్ష ఒక్కటే చూపించి "సర్వరోగ నివారిణి" అని పొడి డబ్బాలు అమ్మేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది. షుగర్ మాత్రలు మానేసి ఆ పొడులు మింగేవాళ్లుంటారనే నా టెన్షన్.

వచ్చే వారం తానికాయ, ఉసిరికాయ కూడా పెట్టి మూడింటినీ పోల్చబోతున్నాం. పిల్లలు ఉసిరి గెలుస్తుందంటున్నారు. నా ఓటు మాత్రం కరక్కాయకే.