లాసెట్ పేపర్‌లో సగం పార్ట్-సి దే

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్ రాయాలనుకునేవాళ్లలో చాలామంది ముందు కొనేది కరెంట్ అఫైర్స్ పుస్తకం. పేపర్ చదివే అలవాటు ఎటూ ఉంటుంది, గ్రూప్స్‌కి రాసుకున్న పాత నోట్సూ ఇంట్లో ఉంటుంది. తెలిసిన దారి కదా అని అటే పోతారు. ప్రశ్నపత్రం లెక్క మాత్రం వేరు. మొత్తం 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి పార్ట్-ఎ 30. కరెంట్ అఫైర్స్ పార్ట్-బి 30. లా ఆప్టిట్యూడ్ అనే పార్ట్-సి ఒక్కటే 60. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేదీ పార్ట్-సి మార్కులే. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇదే వరస.

క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. 42 వస్తే ర్యాంకు కార్డు వస్తుంది, అంతే. యూనివర్సిటీ కాలేజీలో సీటు కావాలంటే పార్ట్-సి లో 60కి కనీసం 40 దాటేలా చదవాలనేది నా లెక్క.

పార్ట్-సి లో మొదట పట్టాల్సింది రాజ్యాంగం. అధికరణాలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. 12 నుంచి 35 వరకు ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాల్లో 39ఎ, 40, 44, 50, ప్రాథమిక విధుల 51ఎ, ఆర్డినెన్సులకు 123, 213, క్షమాభిక్షకు 72, 161, ఎమర్జెన్సీలకు 352, 356, 360, సవరణకు 368. ఇవి నిద్రలో అడిగినా చెప్పాలి. సవరణల్లో 42 (1976), ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎ లో పెట్టిన 44 (1978), ఓటు వయసు 18కి దించిన 61, పంచాయతీలకు 73, మునిసిపాలిటీలకు 74, విద్యాహక్కుకు 86, జీఎస్టీకి 101, ఈడబ్ల్యూఎస్‌కి 103, మహిళా రిజర్వేషన్‌కి 106 వస్తే సరిపోతుంది. కేసులను విడివిడిగా కాకుండా గొలుసుగా చదవండి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించవచ్చా అన్న గొడవ మీద 1967లో గోలక్‌నాథ్, దానికి జవాబుగా 24, 25 సవరణలు, 1973లో 13 మంది జడ్జీల బెంచి 7-6 తేడాతో ఇచ్చిన కేశవానంద భారతి, 1980లో మినర్వా మిల్స్. ఒకటి గుర్తొస్తే తక్కినవి వెంట వస్తాయి. గోలక్‌నాథ్‌లో మెజారిటీ తీర్పు రాసిన కోకా సుబ్బారావు మన తెలుగాయనే అన్న సంగతి జీకే కింద కూడా పనికొస్తుంది.

రిట్ల దగ్గర, అంటే హక్కుల కోసం సుప్రీంకోర్టు, హైకోర్టు ఇచ్చే ఆదేశాల దగ్గర, తప్పు ఎక్కువ. అయిదు పేర్లూ అందరికీ వస్తాయి, ప్రొహిబిషన్‌కీ సెర్షియోరరీకీ తేడా అడిగితే తడబడతారు. ప్రశ్నలో క్రియ చూడండి. కింది కోర్టు తన పరిధి దాటి కేసు ‘విచారిస్తోంది’ అని ఉంటే ప్రొహిబిషన్. తీర్పు ‘ఇచ్చేసింది’ అని ఉంటే సెర్షియోరరీ. ఇంకొకటి, అధికరణం 32 కంటే 226 పరిధి పెద్దది. సుప్రీంకోర్టు 32 కింద ప్రాథమిక హక్కుల కోసమే రిట్ ఇస్తుంది, హైకోర్టు 226 కింద ఇతర హక్కుల కోసం కూడా ఇస్తుంది. సుప్రీంకోర్టు పెద్దది కాబట్టి దాని రిట్ అధికారమే పెద్దదని పెట్టి మార్కు పోగొట్టుకుంటారు.

క్రిమినల్ చట్టాల్లో ఇప్పుడు అసలు గొడవ పాత గైడ్లది. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఐపీసీకి 511 సెక్షన్లుంటే న్యాయ సంహితకు 358. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని పాత గైడ్ కొంటే సెక్షన్లన్నీ తప్పు నేర్చుకున్నట్టే. హత్యకు శిక్ష 302 పోయి 103 అయింది. హత్యాయత్నం 307 పోయి 109. నిర్లక్ష్యం వల్ల మరణం 304ఎ పోయి 106. భర్త, అత్తింటివారి క్రూరత్వం 498ఎ పోయి 85. మోసం 420 ఇప్పుడు 318(4). ‘వాడో ఫోర్ ట్వంటీ’ అని తిట్టుకోవడానికి పాత నంబరు ఇంకా పనికొస్తుంది గానీ ఆప్షన్లలో పెట్టడానికి కాదు. సీఆర్‌పీసీ వైపు చూస్తే ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కి, భార్యాపిల్లల మనోవర్తి 125 నుంచి 144కి మారాయి.

వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నంబరు 482. సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టుకు ఉండే సహజ అధికారాలు, ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని వేసే క్వాష్ పిటిషన్ దానికిందే. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. సహజ అధికారాలు 528కి వెళ్లాయి. ముందస్తు బెయిల్ పాత నంబరు 438. అదే సంఖ్య, వేరే అర్థం. ఇలాంటి చోట ప్రశ్నలో చట్టం పేరు చదవకుండా నంబరు చూసి నొక్కితే మార్కు పోయినట్టే. ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి పాత నంబరు, కొత్త నంబరు, విషయం అని ఓ 40 సెక్షన్లు రాసి గోడకు అంటించుకోండి. అంతకు మించి అక్కర్లేదు.

కాంట్రాక్టు, టార్ట్‌ల (నష్టపరిహారం అడగదగ్గ సివిల్ తప్పుల) నుంచి కథలాంటి ప్రశ్నలు రావచ్చు. ఉదాహరణకు: ‘17 ఏళ్ల కుర్రాడు తన వయసు 19 అని చెప్పి ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. ఆ తాకట్టు?’ ఆప్షన్లు ఇలా ఉంటాయి: చెల్లుతుంది, ఎందుకంటే అబద్ధమాడాడు; మైనర్ కోరితే రద్దవుతుంది; మొదటి నుంచీ చెల్లదు; మేజరయ్యాక ఒప్పుకుంటే చెల్లుతుంది. న్యాయంగా ఆలోచిస్తే మొదటిదే పెట్టాలనిపిస్తుంది. జవాబు మూడోది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు, 1903 నాటి మొహరీ బీబీ కేసు చెప్పింది అదే. అబద్ధమాడినంత మాత్రాన లేని అర్హత రాదు. లేని ఒప్పందాన్ని మేజరయ్యాక ఆమోదించడమూ కుదరదు. ప్రతి సూత్రానికీ ఇలా తప్పు ఆప్షన్లు ఎందుకు తప్పో కూడా రాసుకుంటే ఆ సూత్రం మళ్లీ మరిచిపోరు. టార్ట్‌లలో నష్టం జరిగినా హక్కు భంగం కాని కేసులు, హక్కు భంగమైనా నష్టం లేని కేసులు, ఈ జంటను విడదీసి నేర్చుకోండి. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్‌లో కఠిన బాధ్యతకు మినహాయింపులున్నాయి, 1987 ఎం.సి. మెహతా కేసులో సంపూర్ణ బాధ్యతకు లేవు.

తెలుగు మీడియం వాళ్లకు ఒక మాట. తెరమీద ప్రశ్న ఇంగ్లిషులోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. చట్టపరమైన తెలుగు అనువాదం కొన్నిసార్లు ఎవరికీ అర్థం కాదు. వాయిడ్ (మొదటి నుంచీ చెల్లనిది), వాయిడబుల్ (ఒక పక్షం కోరితే రద్దయ్యేది) అన్న రెండు మాటలకూ వాడే తెలుగు పదాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకని చదివేది తెలుగులోనే అయినా ఓ వంద చట్టం పదాలు ఇంగ్లిషులో గుర్తుపట్టేలా ఉండాలి.

పరీక్ష రోజు ప్రశ్నకు 45 సెకన్లు. నన్నడిగితే పార్ట్-సి తో మొదలుపెట్టి 40 నిమిషాల్లో బయటపడాలి. పార్ట్-బి తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు, 12 నిమిషాలు చాలు. మెంటల్ ఎబిలిటీలో నంబర్ సిరీస్, రక్తసంబంధాలకు సమయం కావాలి కాబట్టి పార్ట్-ఎ కి 30. మిగిలిన 8 నిమిషాలు వదిలేసిన ప్రశ్నలకు. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా ఉంచకండి. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కి కూడా చదువుతున్న ఇంటర్ పిల్లలు ఈ అలవాటును అక్కడికి తీసుకెళ్లకూడదు, క్లాట్‌లో ప్రతి తప్పుకీ పావు మార్కు కోత ఉంది.

ఇక దరఖాస్తు. డిగ్రీలో జనరల్‌కు 45, ఓబీసీకి 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. 44.6ని 45గా లెక్కేస్తారులే అన్న ధీమా వద్దు. ఫైనలియర్ వాళ్లు కూడా రాయవచ్చు. మన దగ్గర ఎక్కువమంది ఇరుక్కునే చోటు ఇంకొకటుంది. ఇంటర్ చదవకుండా, అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకు బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లా ప్రవేశం లేదు. టెన్త్, ఇంటర్ తర్వాత ఓపెన్‌లో డిగ్రీ చేస్తే ఆ అడ్డు లేదు. ఫీజు కట్టే ముందే ఇది చూసుకోవాలి.

పేరు ఎస్సెస్సీ మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి మెమోలో ఒక్క అక్షరమే ఉండటం, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారడం మామూలే. ఫారంలో మాత్రం మెమోదే. లోకల్ ఏరియా దగ్గర ఇంకా జాగ్రత్త. డిగ్రీ హైదరాబాద్‌లో చేశాను కాబట్టి లోకల్ అనుకుంటారు. డిగ్రీతో ముగిసే వరుస నాలుగేళ్లు చూస్తారు, అంటే ఇంటర్ సెకండియర్ కూడా అందులోకి వస్తుంది. ఇంటర్ విజయవాడలో చదివితే ఆ లెక్క అక్కడే తెగిపోయింది. నాలుగేళ్లు కుదరకపోతే ఏడేళ్ల చదువు చూస్తారు. 9, 10, ఇంటర్ రెండు, డిగ్రీ మూడు: ఏడు. తొమ్మిదో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడగడం అందుకే. మూతపడిన స్కూలు నుంచి సర్టిఫికెట్ తేవాలంటే ఎంఈఓ ఆఫీసు చుట్టూ తిరగాలి, ఆ పని పరీక్షకు ముందే మొదలుపెట్టండి. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాదిది, ఈడబ్ల్యూఎస్ ఆ ఆర్థిక సంవత్సరానిది ఉండాలి. తెలంగాణలో మీసేవ, ఆంధ్రలో సచివాలయం, రెండుచోట్లా కౌన్సెలింగ్ రోజుల్లో రద్దీ ఎక్కువ.

వెబ్ ఆప్షన్లలో మీరు పెట్టిన వరసే శాసనం. మీ ర్యాంకుకు పైనుంచి కిందికి మొదట ఏది తగిలితే అది ఇస్తారు. రాదులే అని మంచి కాలేజీని కిందకు నెడితే పైన ఉన్న కాలేజీ వచ్చేస్తుంది, అదే మీ సీటు. ఒకే కాలేజీలో రెగ్యులర్‌కూ సెల్ఫ్ ఫైనాన్స్‌కూ వేరే కోడ్‌లుంటే రెండింటి ఫీజూ చూసి పెట్టండి. నాలుగైదు పెట్టి ఊరుకోవద్దు, వస్తే చేరతాననుకున్న ప్రతి కాలేజీ పెట్టండి. చివరిసారి సేవ్ చేసిన వరసే లెక్కలోకి వస్తుంది కాబట్టి సేవ్ చేశాక ప్రింట్ తీసుకుని, కోడ్‌లు మీరు కాగితం మీద రాసుకున్న వరసతో ఒక్కొక్కటీ సరిచూడండి. సీటొచ్చాక గడువులోపు ఫీజు కట్టి, ఒరిజినల్ టీసీతో కాలేజీలో రిపోర్ట్ చేయకపోతే అలాట్‌మెంట్ రద్దవుతుంది. డిగ్రీ కాలేజీలో బకాయి ఉందని టీసీ ఆపితే అప్పుడు పరుగెత్తాల్సి వస్తుంది, ఆ బకాయి సంగతి హాల్‌టికెట్ వచ్చేలోపే తేల్చుకోండి.