ప్రెస్ ఇంకా డబ్బాలోనే ఉంది

సెలవు రోజున నేను ఆరింటికే లేవడం మా ఇంట్లో వింతే. కాల్చేసిన ఖాళీ తూటాలని మళ్లీ నింపుకునే రీలోడింగ్ ప్రెస్ అనే యంత్రం మూడు వారాల కిందట తెప్పించుకున్నది గదిలో ఓ మూల పడి ఉంది కదా, ఈరోజు దాన్ని బల్లకి బిగించి, సాయంత్రానికి పిస్టల్ తూటాలు ఓ పదైనా నా చేత్తో చేసి చూసుకోవాలన్నది ప్లాను. ఇప్పుడు రాత్రి పదయింది. ప్రెస్ డబ్బాకి అంటించిన టేపు కూడా పీకలేదు.

పర్మిషన్ల సంగతి మాత్రం ముందే తేల్చుకున్నాను. మనం ఉండే చోట ఇంట్లో ఈ పని చెయ్యనిస్తారా, తుపాకీ మందు ఎంత వరకు ఉంచుకోవచ్చు, ఎలా దాచాలి, ఇవన్నీ కనుక్కున్నాకే ప్రెస్ కొన్నాను. అది తేలకుండా దీనికోసం ఒక్క స్క్రూ కూడా కొనకూడదని నా అభిప్రాయం.

షూటింగ్ రేంజిలో పరిచయమైన పెద్దాయన ఒకరున్నారు, బాబాయ్ అని పిలుస్తాను. పోయిన వారం ఆయన ఒకటే మాట అన్నారు. "ముందు ఖాళీ కేసులు చదవడం నేర్చుకో. ప్రెస్ జోలికి తర్వాత వెళ్దువుగాని." ఇత్తడి గొట్టంలో చదవడానికేముంది అనుకున్నా. అదే ఈరోజంతా పట్టింది.

నెలల తరబడి రేంజిలో ఏరి దాచిన కేసులు ఒక బకెట్ నిండా ఉన్నాయి. పాత దుప్పటి పరిచి కుమ్మరించాను. మనవాళ్లం మొత్తం తూటానీ బుల్లెట్ అనే అంటాం, ముందు ఎగిరిపోయే ముక్కనీ బుల్లెట్ అనే అంటాం, కానీ ఈ పనిలో దిగాక ఆ అలవాటు మానుకోవాల్సిందే. ఇత్తడి గొట్టం కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల ప్రైమర్, లోపల మందు, ముందు ఎగిరిపోయే ముక్క బుల్లెట్, ఇవి నాలుగూ వేరు. అందులో మళ్లీ వాడుకోగలిగేది కేసు ఒక్కటే. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి అది. పేలినప్పుడు ఉబ్బి తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ గోడకి అతుక్కుపోయి వేడి గ్యాసు మన మొహం మీదికి రాకుండా ఆపుతుంది, ఒత్తిడి పోగానే మళ్లీ కాస్త ముడుచుకుంటుంది, అందుకే ఇరుక్కోకుండా బయటికొచ్చి పడుతుంది. పూర్తిగా పాత కొలతకి మాత్రం రాదు. ప్రెస్‌కి బిగించే డై అనే అచ్చులో పెట్టి నొక్కేది అందుకే.

నావన్నీ 9 ఎంఎం సైజువే అనే ధీమాతో కూర్చున్నాను. పది నిమిషాల్లో ధీమా దిగిపోయింది. 9 ఎంఎం లూగర్ కేసు పొడవు 19 మిల్లీమీటర్లు, 380 ఏసీపీ అనే ఇంకో రకానిది 17, మధ్యలో మకరోవ్ అని 18 ఒకటి. పక్కపక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది గానీ కుప్పలో అన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఒక్కోదాన్నీ తిరగేసి అడుగున ఉన్న అక్షరాలు చూడాలి. అవేమో చీమ తలకాయంత. ఇది చాలదన్నట్టు ఇంకా లావుండే 45 సైజు కేసులో 40 సైజుది దూరి, దానిలో మళ్లీ 9 ఎంఎం దూరి, మూడూ కలిసి ఒకే కేసులా పడి ఉన్నవి నాలుగైదు దొరికాయి.

అయస్కాంతం మంచి పని చేసింది. ఇత్తడిలా తళతళలాడుతున్న కొన్ని దానికి టకీమని అతుక్కున్నాయి, పైన పూతే ఇత్తడి, లోపల ఉక్కు. వాటిని పక్కన పడేశాను. అల్యూమినియంవి చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయాయి.

తర్వాత టార్చి వేసి లోపల చూడటం. ప్రైమర్ నిప్పు లోపలికొచ్చే కన్నం మధ్యలో ఒక్కటే ఉంటే అది బాక్సర్ రకం, రెండు చిన్న కన్నాలుంటే బెర్డాన్. బెర్డాన్‌ని చూసుకోకుండా ప్రెస్‌లో పెడితే ప్రైమర్ ఊడదు సరికదా డైలో ఉన్న, ప్రైమర్‌ని తోసే పిన్ను విరగొచ్చు. తమాషా ఏంటంటే బాక్సర్ ఇంగ్లండ్ ఆయన, బెర్డాన్ అమెరికా ఆయన, ఇద్దరూ 1866లోనే పేటెంట్లు తీసుకున్నారు, చివరికి ఇంగ్లండ్ ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికా ఆయనది యూరప్‌లో. 45 కేసుల్లో ఇంకో చిక్కు. ఎక్కువ వాటికి పెద్ద ప్రైమర్, కొన్నిటికి మాత్రం చిన్నది. ఒకే సైజు తూటాకి రెండు రకాల ప్రైమర్లు ఎందుకు పెట్టారో అని కాసేపు తిట్టుకుని, దుప్పటి మీద ఇంకో కుప్ప మొదలెట్టాను.

పగుళ్లు చూడటానికి బాబాయ్ చెప్పిన చిట్కా నాకు బాగా నచ్చింది. గుప్పెడు కేసులు చేతిలో గలగలలాడిస్తే, పగిలినది ఉంటే మోత మారిపోతుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తారే, అలాగే. మొదటి గుప్పెట్లో ఏమీ వినిపించలేదు. పదో గుప్పెటకి చెవికి అలవాటైంది, తేడా వినిపించి వెతికితే మూతి దగ్గర వెంట్రుకంత చీలిక.

మధ్యాహ్నం గొడవ. కేసులు కడిగి నీళ్లు వార్చడానికి వంటింట్లోంచి చిల్లుల గిన్నె తెచ్చాను. మా ఆవిడ చూసింది.

"ఏమండీ, అది నా గిన్నె కదూ?"

"శుభ్రంగా తోమి ఇచ్చేస్తాలే."

"నాకొద్దు. మీరే ఉంచుకోండి, నాకు కొత్తది తెచ్చి పెట్టండి."

తనదే న్యాయం. ప్రైమర్లలో చాలావాటిలో సీసం ఉంటుంది, కాలాక ఆ మసి కేసు లోపలే ఉండిపోతుంది, పొడిగా దులిపితే దుమ్ములో లేస్తుంది. అది నాకు తెలిసే గ్లౌజులు తొడుక్కున్నాను, తెలిసే తడిపి కడుగుతున్నాను, మరి అన్నం వార్చే గిన్నె ఎలా పట్టుకొచ్చానో! సరంజామా మొత్తం షెడ్డులోకి మార్చాను. తిండి, కాఫీ ఆ గడప దాటి లోపలికి రాకూడదని రూలు పెట్టుకున్నా.

సాయంత్రం ఏ తూటాలో ఎంత మందు పొయ్యాలో చెప్పే మాన్యువల్ తెరిచాను. అక్కడే అసలు టెన్షన్. మందు తూచేది గ్రెయిన్లలో, ఒక్క గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, గురివింద గింజ ఎత్తులో దాదాపు సగం. అందులో పదో వంతు తేడా కూడా లెక్కలోకే వస్తుందట. మందు పొయ్యడం మర్చిపోతే ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ని బ్యారెల్ మధ్యదాకా తోసి వదిలేస్తుంది, అది చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే తుపాకీ పగలొచ్చు. కొన్ని మందులు ఎంత కొంచెం చోటు పడతాయంటే పొరపాటున రెండుసార్లు పోసినా 9 ఎంఎం కేసు పొంగిపోదు, కంటికి మామూలుగానే కనిపిస్తుంది. అది చదివి పుస్తకం మూసి కాసేపు వాకిట్లో తిరిగొచ్చాను. మందు కొనేటప్పుడు కేసుని బాగా నింపే రకం కావాలని, రెండోసారి పోస్తే పొర్లి బయటపడాలని పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నా. కొలతలు అచ్చయిన మాన్యువల్‌లోవే తీసుకోవాలి, అందులోనూ కింది అంకె నుంచే మొదలెట్టాలి. ఎవరో చెప్పారని ఇంకో అంకె వాడేది లేదు, చెప్పింది బాబాయైనా సరే.

ఎనిమిదింటికి ఆయనే ఫోన్ చేశారు. "ఎన్ని చేశావు?"

"ఒక్కటీ లేదు బాబాయ్. ఏరడంతోనే సరిపోయింది."

"ఎన్ని పారేశావు?"

"అరవై పైనే."

"అయితే సరిగ్గానే చూశావులే," అని పెట్టేశారు.

రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు చిల్లుల గిన్నె కొనాలి. కేసులు కొలిచే కేలిపర్‌లోకి బ్యాటరీ కూడా.