సముద్రపు గాలిలో ఇనుము లేని కారు బాట

భీమిలి దగ్గర మేము కొనుక్కున్న ఇంటికి గేటు నుంచి పోర్టికో దాకా సిమెంటు బాట ముందే ఉంది. కొన్నప్పుడే దాని మీద పొడవాటి పగుళ్లు, వాటి పక్కన ఎర్రటి తుప్పు మరకలు కనిపించాయి. వానాకాలం గడిచేసరికి పగుళ్ల అంచులు పైకి లేచాయి. కారు ఎక్కినప్పుడల్లా ముక్కలు కదిలేవి. పైన మరో పూత పూయిస్తే సరిపోతుందని కొందరు చెప్పారు. జబ్బు ఏమిటో తెలియకుండా మందు రాయడం నాకు ఇష్టం లేదు. ఒక మూల పగలగొట్టించి చూశాను.

లోపల ఉన్నది 4 అంగుళాల పలక. 8 ఎం.ఎం. ఊచలను, వాటిని నేల నుంచి ఎత్తి పట్టే చిన్న దిమ్మలు (కవర్ బ్లాకులు) కూడా పెట్టకుండా నేరుగా మట్టి మీద పరిచి పైన కాంక్రీటు పోశారు. అవి ఉబ్బిపోయి, పొరలు పొరలుగా విడిపోయి ఉన్నాయి. మామూలుగా కాంక్రీటుకున్న క్షార గుణం వల్ల ఇనుము చుట్టూ సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులోని క్లోరైడ్ తేమతో పాటు లోపలికి దిగితే ఆ పొర చెడిపోతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు కావాలి. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచి పగులుతుంది, పగులు పడ్డాక ఉప్పుకు దారి ఇంకా సులువవుతుంది. అంటే మా బాటను బలంగా ఉంచాల్సిన ఊచలే దాన్ని పగలగొట్టాయి.

మా తమ్ముడు కాంక్రీటు రోడ్ల పనుల్లో ఇంజనీరు. ఫొటోలు పంపిస్తే ఫోను చేసి, "అక్కా, కింద నేల మొత్తం ఆసరాగా ఉండే పలకకు ఊచలు తప్పనిసరి కాదు. నేల గట్టిగా ఉండాలి, మందం చాలినంత ఉండాలి, సరైన చోట జాయింట్లు ఉండాలి. సముద్రం పక్కన అయితే ఇనుము లేకపోవడమే మేలు" అన్నాడు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటును తీవ్రమైన వాతావరణం కిందికి తెస్తుంది. అక్కడ ఇనుము వాడితే దాని చుట్టూ కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవచం ఉండాలంటుంది. నాలుగంగుళాల పలకలో కిందా పైనా అంత వదిలితే ఊచ సరిగ్గా నడిమధ్యకు చేరుతుంది. చక్రం బరువుకు వంగే పలకకు అక్కడున్న ఊచ పెద్దగా సాయపడదు. ఈ లెక్క విన్నాక నా నిర్ణయం అయిపోయింది.

మేస్త్రి గారిని ఒప్పించడం మాత్రం అంత తేలిక కాలేదు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉంది. ఆయన భయమూ న్యాయమైనదే. "ఇనుము లేకుండా వేసి రేపు పగిలితే నా పేరు పోతుందమ్మా" అన్నారు. "మీ ఊళ్లో సిమెంటు రోడ్డు మీద ట్రాక్టర్లు తిరుగుతున్నాయి కదా మేస్త్రి గారూ, అందులో ఊచలు కట్టారా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "లేదమ్మా, కాని అక్కడ మందం ఎక్కువ" అన్నారు. "అయితే మనమూ మందం పెంచుదాం" అన్నాను. అలా 4 అంగుళాలు 5 అయ్యాయి. ఊచల మీద మిగిలిన డబ్బును మందానికి, నేల పనికి మళ్లించాం.

అసలు శ్రమ నేల దగ్గరే ఉంది. భీమిలి చుట్టుపక్కల ఎర్రమట్టి పొడిగా ఉన్నప్పుడు గట్టిగా కనిపిస్తుంది, నీరు పారితే ఇట్టే కోసుకుపోతుంది. ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన లోయలను చూసినవారికి ఈ సంగతి తెలుసు. పాత బాట అంచుల కింద వాన నీరు మట్టిని తోడేసి బొరియలు చేసింది, పలక కొన్నిచోట్ల గాలిలో వేలాడుతూ ఉంది. వదులు మట్టినంతా తీయించి, గ్రావెల్‌ను పలుచని పొరలుగా పోయించి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస యంత్రంతో కొట్టించాం. దాని మీద కంకర, క్రషర్ డస్టు కలిపి మరో పొర. మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకూడదన్నది నేను పెట్టుకున్న పరీక్ష. పోర్టికో వైపు నుంచి గేటు వైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఇచ్చాం. 40 అడుగుల పొడవుకు అది 10 అంగుళాలవుతుంది. ఆ వాలును నేల దగ్గరే తెచ్చుకోవాలి, కాంక్రీటు మందం తగ్గించి తేకూడదు. నీటి గొట్టంతో లెవెల్ పట్టి, గోడల మీద సుద్ద గీతలు గీసి పెట్టుకున్నాం.

నీళ్ల సంగతి వేరే చూడాల్సి వచ్చింది. మా బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయించాను. కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం చెబుతుంది, ఇది ఇనుము ఉన్న కాంక్రీటుకు. ఇనుము లేనిదానికి 2000 వరకు సరిపెట్టుకోవచ్చు. మా బోరు నీరు మొదటి హద్దు దాటింది, రెండోదానికి లోబడే ఉంది. పాత ఊచలకు గాలి నుంచే కాక కలిపిన నీటి నుంచి కూడా ఉప్పు అంది ఉంటుందని అప్పుడు అనిపించింది. తీరప్రాంతంలో ఇల్లు కట్టుకునే ప్రతివారూ ఈ ఒక్క పరీక్ష చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఒడ్డున దొరికే ఇసుక విషయమూ అంతే, ఎంత చవకగా వచ్చినా దాన్ని ఇంటి పనికి దగ్గరికి రానివ్వకూడదు.

40 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం లెక్క కడితే 200 ఘనపుటడుగులు, అంటే 5.7 ఘనపు మీటర్ల దాకా వస్తుంది. ఒక్క రెడీమిక్స్ లారీకి సరిపోయే సరుకు. ఇనుము లేని కాంక్రీటుకు ఐ.ఎస్. 456 ఈ వాతావరణంలో కనీసం ఎం20 ఉండాలంటుంది. అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకునే కాంక్రీటు. పై ముఖం మీద చక్రాల రాపిడి, ఉప్పు గాలి రెండూ పడతాయి కనుక నేను ఎం30 అడిగాను. స్లాగ్ సిమెంటు, 20 ఎం.ఎం. కంకర, నీరు సిమెంటు బరువులో 0.45 వంతుకు మించకుండా. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు, ఇసుకలోని తడి కూడా అందులోనే. ఉక్కు కర్మాగారాల్లో ఇనుము కరిగించేటప్పుడు మిగిలే స్లాగ్‌ను మెత్తగా పొడి చేసి కలిపేదే స్లాగ్ సిమెంటు. దానితో చేసిన కాంక్రీటు లోపలికి క్లోరైడ్ నెమ్మదిగా దిగుతుంది. మెల్లగా బలపడుతుంది కనుక ఓపిక పట్టాలి.

ఫిబ్రవరిలో పోయించాం. తుపానుల కాలం వెళ్లిపోయి ఎండలు ఇంకా ముదరని రోజులు. మా దగ్గర పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి పెరుగుతుంది. పచ్చి కాంక్రీటు పై తడిని ఆ గాలి లాగేస్తే వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. అందుకే లారీని తెల్లవారగానే రమ్మని, సముద్రం వైపు గ్రీన్ నెట్ కట్టించాం. నేల మీద పాలిథిన్ షీటు పరిచాం. గోడలకు, పోర్టికో అంచుకు ఆనుకుని థర్మాకోల్ పట్టీలు నిలబెట్టాం, పలక వేడికి సాగినప్పుడు గోడలను, పోర్టికోను నెట్టకుండా.

లారీ నుంచి మొదటి సరుకు జారగానే పనివాళ్లు, "గట్టిగా ఉందమ్మా, రెండు బకెట్ల నీళ్లు పోయిద్దాం" అన్నారు. పారతో లాగేవాళ్ల నడుము నొప్పి నాకు అర్థమవుతుంది. కాని ఆ రెండు బకెట్ల నీరు తర్వాత ఆవిరైపోయి కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. ఉప్పు నడిచే దారులు అవే. నీళ్లు వద్దని, వైబ్రేటర్ తెప్పించామని, మరో ఇద్దరు మనుషులను పెట్టామని చెప్పాను. సరఫరాదారుతో ముందే మాట్లాడి ఉంచడం వల్ల నీరు పెంచకుండానే కాంక్రీటును జారేలా చేసే ప్లాస్టిసైజర్ మందు కలిపి కాస్త పలుచన చేశారు. సిమెంటు పని చేయించే ఏ ఇంట్లోనైనా ఈ బకెట్ల దగ్గర యజమాని నిలబడాలి. మిగతా చోట్ల లేకపోయినా పరవాలేదు.

పై నునుపు దగ్గర మరో అలవాటును ఆపాల్సి వచ్చింది. పైకి తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దడం చాలామందికి అలవాటు. చూడటానికి అద్దంలా ఉంటుంది, కొన్నాళ్లకు ఆ పొర పొట్టులా లేచిపోతుంది. తేలిన నీరు దానంతట అది ఆరేదాకా ఆగి, చెక్కతో సర్ది, గట్టి చీపురుతో అడ్డంగా గీతలు పెట్టాం. వానలో కాలు జారదు, చక్రానికి పట్టు దొరుకుతుంది.

కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. పగులు పడటం ఖాయం, ఎక్కడ పడాలో మనం చెప్పాలి. పలకను పొడవునా 10 అడుగులకొకటిగా నాలుగు భాగాలు చేశాం. మందంలో నాలుగో వంతుకు తగ్గకుండా ఒకటిన్నర అంగుళం లోతు కోత. తమ్ముడు చెప్పిన జాయింట్లు ఇవే. కోసే మనిషి మరుసటి రోజు మధ్యాహ్నం వస్తానన్నాడు. ఆలస్యమైతే పలక తనకు నచ్చినచోట చీలుతుంది. తమ్ముడితో మాట్లాడించి ఆ రాత్రే రప్పించాం. అంచులు రాలకుండా బ్లేడు దిగే గట్టిదనం వచ్చిందో లేదో ఒక మూలలో కోసి చూసి, తర్వాత మిగతావి పూర్తి చేశాడు.

తడపడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకేమో అదే అన్నిటికంటే ముఖ్యమైన పని అనిపిస్తుంది. స్లాగ్ లాంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజుల తడి ఉండాలని, 14 రోజులైతే మంచిదని ప్రమాణం చెబుతుంది. వాలు ఉండటం వల్ల మడులు కట్టి నీళ్లు నిలపడం కుదరలేదు. గోనె పట్టాలు పరిచి, తడిపి, పైన పాలిథిన్ కప్పాం. గాలికి లేవకుండా అంచుల్లో ఇటుకలు పెట్టాం. పట్టా ఒక్క పూట ఆరినా ఊరుకోలేదు. మా అత్తగారు సాయంత్రం దేవుడి దీపం కాగానే వెళ్లి పట్టా ఎత్తి, చెయ్యి పెట్టి చూసేవారు.

లారీ నుంచి తీసిన కాంక్రీటుతో పరీక్ష కోసం పోసిన ఘనాలను ల్యాబుకు పంపాం. 28 రోజుల బలం అడిగిన 30 దాటింది. ఆ కాగితం వచ్చేదాకా కారు వీధిలోనే ఉంది.

గేటు దగ్గర పాత ఇనుప పట్టాల మీద దొర్లే గేటును తీసేసి, తలుపుల్లా తెరుచుకునేది పెట్టించాం. కాంక్రీటులో పాతిన ఆ పట్టా కూడా తుప్పు పట్టి చుట్టూ నేలను చీల్చింది. అడ్డ కాలువ మీద ఇనుప జాలీకి బదులు రంధ్రాలు తొలిచిన రాతి పలకలు వేశాం.

వానాకాలం వెళ్లాక నాలుగు పలకలనూ వంగి చూసుకున్నాను. కోతల అడుగున సన్నని చీలికలు పడ్డాయి, మేము కోరిన చోటే. వాటి బయట ఎక్కడా గీత లేదు. నీరు కాలువలోకే పోతోంది. కోతల్లో నింపిన సీలెంట్ పోర్టికో పక్కన ఒకచోట అంచు వదిలింది. దాన్ని గీకి తీసి, ఆరనిచ్చి, మళ్లీ నింపాలి. సీలెంట్ గొట్టం కొని ఉంచాను, ఎండ వరసగా కాసే వారం చూసి ఆ పని చేయమని మేస్త్రి గారికి చెప్పాను. ఆయన ఈ నెలలో మా వెనక వీధిలో మరో ఇంటికి ఇలాంటి బాటే వేస్తున్నారు, ఊచలు లేకుండా.