తెల్ల చామంతితో మూడక్షరాలు

ఇంగ్లండులో ఒక పూల షాపులో చేరిన రెండో వారంలో మా యజమానురాలు నా ముందు పెట్టె నిండా తెల్ల చామంతులు పెట్టి, వాటితో ‘అమ్మ’ అని రాయాలి అంది. ఇంగ్లీషులో మూడక్షరాలు: ఎం, యు, ఎం. ఒక్కొక్కటి అడుగు ఎత్తు. మర్నాడు పొద్దున పది గంటలకు నల్ల కారులో శవపేటిక పక్కన నిలబెట్టాలి, దారిన పోయేవాళ్లకు అద్దంలోంచి కనబడేలా.

మాది ఖమ్మం జిల్లా. చామంతి అంటే నాకు శ్రావణ శుక్రవారం, దసరా, గుమ్మానికి తోరణం, అమ్మవారి మెడలో దండ. మన దగ్గర కూడా శవం మీద పూలు చల్లుతాం, వాటిలో బంతీ చామంతీ ఉంటాయి, కాదనను. కానీ అక్కడ ఆ పువ్వు అన్నిటికీ పనికొస్తుంది. ఇంగ్లండులో తెల్ల చామంతిని ఇంత పెద్ద మొత్తంలో తెప్పించేది అంత్యక్రియల పనికే అని ఆ రోజు తెలిసింది. కాసేపు కత్తెర ఆడలేదు.

పని మాత్రం నాకు కొత్త కాదు. అక్షరం ఆకారంలో ఉండే పచ్చటి స్పాంజిని నీళ్ల తొట్టిలో వదలాలి. చేత్తో అదమకూడదు, దానంతట అదే మునగాలి. అదిమితే లోపల గాలి చిక్కుకుని ఆ చోట పొడిగా ఉండిపోతుంది, అక్కడి పువ్వు సాయంత్రానికే వాడిపోతుంది. చామంతి తలల్ని బొటనవేలి గోరంత కాడతో తెంచి, ఒకదాని రెక్కలు ఇంకోదానికి ఒరిగేలా, సందు లేకుండా గుచ్చుకుంటూ పోవాలి. ముందు అంచులు, తర్వాత మధ్య. చిన్నప్పటి నుంచి బతుకమ్మ పేర్చిన చేతులు నావి. వరుస తప్పకుండా, ఎత్తుపల్లాలు లేకుండా మధ్యాహ్నానికి మూడూ పూర్తి చేశాను. ఆవిడ వచ్చి అరచేత్తో పైపైన నిమిరి చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మా అమ్మ దగ్గర అన్నాను.

సాయంత్రం చనిపోయినావిడ కొడుకు వచ్చాడు. అక్షరాల మూలన గులాబీలు పెట్టాలన్నది మొదటి ఆర్డరు. ఆయన వాటి బదులు తన ఇంటి పెరట్లోంచి కోసుకొచ్చిన స్వీట్ పీ పూలు ఇచ్చి, ఇవే పెట్టండి అన్నాడు. చిక్కుడు పువ్వు లాంటి సన్నటి పువ్వు, మంచి వాసన. వాళ్లమ్మ ఏటా కంచె వెంట పెంచేదట. రెండు రోజులకే రాలిపోయే పువ్వు అని తెలిసినా మా యజమానురాలు మారు మాట్లాడకుండా తీసుకుంది.

కలగలుపు బొకే కట్టడం నాకు అంతకంటే కష్టమైంది. మన దగ్గర పువ్వు మూరల్లో అమ్ముతారు, ఇక్కడ కాడలెక్కన. అల్లడం కాదు, నిలబెట్టడం. ఎడమచేతిలో మొదటి కాడ నిటారుగా పట్టుకుని, మిగతావన్నీ ఒకే వైపుకు వాలుగా దానిమీద చేర్చుకుంటూ, పూలగుత్తిని చేతిలోనే తిప్పుకుంటూ పోవాలి. చివర తాడు కట్టి బల్ల మీద పెడితే కాడలు గొడుగు పుల్లల్లా విచ్చుకుని దానంతట అదే నిలబడాలి. ఒక్క కాడ ఎదురువాలుగా పడినా నిలబడదు. నాకు నెల పట్టింది.

పేర్ల గందరగోళం ఒకటి. లిల్లీ అంటే మనకు దండల్లో గుచ్చే నేలసంపెంగ. ఇక్కడ లిల్లీ అంటే చేతి వెడల్పున విచ్చుకునే ఆరు రెక్కల పెద్ద పువ్వు. తెల్లదైతే కొందరికి పెళ్లి, కొందరికి శవపేటిక. అది విచ్చుకోగానే నడుమ ఉండే ముదురు నారింజ పుప్పొడి తిత్తుల్ని గిల్లేయాలి, బట్టలకంటితే మరక పోదు. లిల్లీలున్న బొకే అమ్మేముందు మేము తప్పనిసరిగా అడిగే ప్రశ్న, ఇంట్లో పిల్లి ఉందా అని. ఆ పుప్పొడి కొంచెం నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. ఇంకొక షరతు డాఫొడిల్‌ది. కోసిన కాడ నుంచి జిగురు కారుతుంది, అది నీళ్లలో కలిస్తే పక్కన ఉన్న తులిప్‌లు త్వరగా వాడతాయి. అందుకే మార్చిలో డాఫొడిల్ కట్టలు వేరుగా, తమ బకెట్‌లో తాము ఉంటాయి.

అర్థాల సంగతి నేర్చుకున్నది తప్పు చేశాకే. ఆసుపత్రిలో ఉన్న చెల్లెలి కోసమని ఒక పెద్దావిడ అడిగితే, ఎర్ర కార్నేషన్లు, తెల్ల గులాబీలు కలిపి ఎంతో శ్రద్ధగా కట్టి ఇచ్చాను. చూడగానే ఆవిడ ముఖం పాలిపోయింది. ఎరుపూ తెలుపూ కలిస్తే నెత్తురూ కట్టుగుడ్డా, రోగి మంచం పక్కన పెట్టకూడదని ఇక్కడి పాతతరం నమ్మకం. క్షమాపణ అడిగి, తెలుపు తీసేసి పసుపూ గులాబీ రంగూ కలిపి మళ్లీ కట్టాను. ఎర్ర గులాబీలు డజను కొనే దేశంలో, పోలండు నుంచి వచ్చిన ఒకాయన ప్రతిసారీ పదకొండే అడుగుతాడు. సరిసంఖ్య చావుకట, బేసి సంఖ్య బతికున్నవాళ్లకట. చామంతులు భార్యకు ఎప్పుడూ కొనడు. నవంబరు 1న వాళ్లు సమాధుల మీద పెట్టుకునేది వాటినే.

వీటిని మూఢనమ్మకాలని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పూలు ఇచ్చేవాడు చెప్పలేని మాటను పువ్వు చేత చెప్పిస్తున్నాడు, కాబట్టి ఆ మాట అవతలివాళ్లకు ఎలా వినబడుతుందో తెలుసుకోవడం కట్టేవాళ్ల ధర్మం. ఇక్కడివాళ్లు దీన్ని ఒకప్పుడు శాస్త్రంలా నేర్చుకున్నారు. 1819లో పారిస్‌లో అచ్చైన ఒక పుస్తకంతో పూలభాష మోజు పెరిగి, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండంతా పాకింది. పసుపు గులాబీకి అసూయ అనీ, ఐవీ తీగకు పాతివ్రత్యం అనీ నిఘంటువులే వెలువడ్డాయి. 2011లో విలియం, కేట్‌ల పెళ్లికి ఆమె చేతిలోని చిన్న బొకేను ఆ భాషలోనే కూర్చారు: తిరిగొచ్చే సంతోషానికి లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, స్థిరమైన ప్రేమకు హయసింత్, దాంపత్యానికి మర్టల్ రెమ్మ. నాకు మాత్రం ఆ నిఘంటువుల కంటే పెరటి స్వీట్ పీ పట్టుకొచ్చిన కొడుకు మాటే ఎక్కువ.

2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు టీవీలో చూస్తూ షాపులో అందరం పని ఆపేశాం. పేటిక మీది పూలలో జ్ఞాపకానికి రోజ్‌మేరీ, ఆవిడ పెళ్లి బొకేలోని రెమ్మ నుంచి పెరిగిన మొక్క మర్టల్ ఉన్నాయి. స్పాంజి వాడొద్దని, నాచూ ఓక్ కొమ్మలతో అడుగు కట్టాలని రాజు కోరాడట. మా యజమానురాలికి అది పెద్ద విషయం. ఆ స్పాంజి ప్లాస్టిక్, మట్టిలో కలవదు, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముప్పై ఏళ్లుగా దానితోనే పని చేశాను, ఇప్పుడు మానేదెలా అని ఆ వారమంతా అనుకుంటూనే ఉంది.

ఆ తర్వాతి వారం ఆవిడతో లండన్ పూల మార్కెట్‌కు వెళ్లాను. 1974 నుంచి అది నైన్ ఎల్మ్స్‌లో ఉంది, తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. హాలండు నుంచి వచ్చిన సరుకు వరుసలో ఒక బకెట్ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. మొదలు తెలుపు, కొసలు గులాబీ రంగు, వెండి మెరుపున్న వెన్ను. సెలోసియా అని చీటీ. గునుగు! మా ఊళ్లో చేలగట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచేది, బతుకమ్మ రోజుల్లో నాన్న గోనెసంచి నిండా తెచ్చి రంగుల్లో ముంచేది. ఇక్కడ పది కాడలు కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి. రెండు కట్టలు నా డబ్బుతో కొన్నాను. వ్యానులో ఆవిడ అడిగితే బతుకమ్మ సంగతి చెప్పాను. షాపులో మిగిలిన పసుపు చామంతి మొత్తం తీసుకెళ్లమంది.

ఆ శనివారం షాపు మూశాక ఆవిడ మేము బతుకమ్మ ఆడే హాలుకు వచ్చింది. అరవై మంది ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే గోడ దగ్గర నిలబడి చూసింది. ఆట ఆగాక తిన్నగా నా బతుకమ్మ దగ్గరకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, చామంతి వరుసను అరచేత్తో నిమిరింది. ఆ రోజు మూడక్షరాలను నిమిరినట్టే. తర్వాత తాంబాళం అంచు దగ్గర తలవంచి చూసి, లోపల స్పాంజి ఏదీ అంది.

కింది వరుసలో రెండు పూలు తప్పించి చూపించాను. లోపల ముక్కలుగా కోసి కూరిన పచ్చటి ఆకు, ఇంకా ఘాటైన వాసన వస్తోంది. మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో సారపాక కాగితం మిల్లుకు లారీలకెత్తే జామాయిల్. ఇక్కడ బొకేల్లో అందానికి పెడతాం.

“మన చెత్తబుట్టలోదే,” అన్నాను. “నిన్న మీరు కత్తిరించి పారేసింది.”

ఆవిడ వేలు పెట్టి ఆకు ఎంత గట్టిగా కూరానో నొక్కి చూసి, రెండు పూలనూ తనే తిరిగి గుచ్చింది.